నీళ్ళు లేని వ్యవసాయ మంత్రి
సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం



స్మారకోపన్యాసం అనగానే దండకం చదవడం మనకో అలవాటైపోయింది. నేను ఆ పని చేయబోవడం లేదు. పొగడాల్సిన చోట మనసారా పొగుడుతాను, నిలదీయాల్సిన చోట నిలదీస్తాను. రెడ్డినాయుడుగారు ఏలూరు బారులో పేరుమోసిన వకీలు. ఎదుటి పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పమని కోర్టును అడిగే రకం కాదు.

చరిత్ర చదివిన డిగ్రీ విద్యార్థులకు, సర్వీస్ కమిషన్ పరీక్షలు రాసే పిల్లలకు కె.వి. రెడ్డి అనే పేరు తగిలే ఉంటుంది. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వం ఎంత అధ్వాన్నంగా నడిచిందో చెప్పడానికి పాఠ్యపుస్తకాలు ఆయన మాటలే ఉదాహరణగా చూపిస్తాయి. ‘మద్రాసు మంత్రి కె.వి. రెడ్డి’ అని ఒక్క ముక్క వేసి ఊరుకుంటాయి. ఆ రెడ్డి ఇంటిపేరు కూర్మా అనీ, ఆయన మన ఏలూరులో ప్లీడరుగా ఎదిగిన మనిషి అనీ ఏ పుస్తకమూ చెప్పదు. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డిగారు అంతకుముందు మంత్రిగా కూడా చేశారా అని అడిగేవాళ్ళు ఎదురైతే నేను ఆశ్చర్యపోను. తప్పు వాళ్ళది కాదు.

బిరుదుల సంగతి ముందు తేల్చుకుందాం. రెడ్డినాయుడుగారి పేరు ముందున్న ‘సర్’ చూసి ఆయన్ను ఇంగ్లండు ప్రభువుల వరసలో కట్టేయడం సులభం. అక్కడ ‘సర్’ అని పిలిపించుకునేవాళ్ళు రెండు రకాలు. ఒకరు నైట్లు, రెండోవారు బారొనెట్లు. నైటుకు ఆ గౌరవం తనతోనే పోతుంది; రెడ్డినాయుడుగారిది ఈ రకం. బారొనెట్‌కు అది వంశపారంపర్యం, పెద్దకొడుక్కి దక్కుతుంది. ఈ రెండో బిరుదును 1611లో మొదటి జేమ్స్ రాజు పుట్టించాడు. ఐర్లండులోని అల్‌స్టర్‌లో సైన్యాన్ని నిలపడానికి డబ్బు కావాలి. ముప్ఫైమంది సిపాయిలకు మూడేళ్ళ జీతం, అంటే 1,095 పౌన్లు కట్టగలిగిన ఆసామికి బిరుదు. ధర నిర్ణయించి మరీ అమ్మిన గౌరవమన్నమాట. కొన్నవాళ్ళు, వాళ్ళ కొడుకులు, మనవలు రాజు దర్బారులోనూ పార్లమెంటులోనూ తరతరాలు కూర్చున్నారు.

మన దేశానికి ఈ బారొనెట్ బిరుదు 1857లో జంషెడ్జీ జీజీభాయితో వచ్చింది. తరవాత కూడా ఎక్కువగా బొంబాయి ప్రాంతపు సేఠ్‌ల ఇళ్ళ దగ్గరే ఆగిపోయింది. తెలుగు నేల ఎరిగిన బారొనెట్ అంటే థామస్ మన్రో. ఆయన స్కాట్లండు మనిషి. మద్రాసు గవర్నరుగా ఉండగా 1825లో బిరుదు వచ్చింది, రెండేళ్ళకు కర్నూలు సీమలోని పత్తికొండలో కలరాతో పోయాడు. గోదావరి జిల్లాలకు ఆయనతో పెద్ద పని పడలేదు.

మనకు పని పడింది ఒక బారొనెట్ మనవడితో. చెషైర్ జిల్లా కాంబర్‌మియర్‌లో కాటన్‌లని ఒక కుటుంబం ఉండేది. 1677 నుంచీ వాళ్ళు బారొనెట్లు, పార్లమెంటు సభ్యులు. నాలుగో బారొనెట్ సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్‌కు చాలామంది కొడుకులు. వాళ్ళలో ఒకడైన హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదో కొడుకుగా 1803లో ఆర్థర్ పుట్టాడు. బిరుదు, ఆస్తి పెద్దకొడుకుల వంశానికి వెళ్ళిపోయే ఇంట్లో పదోవాడికి ఏం మిగులుతుంది? కంపెనీ సైన్యంలో ఇంజనీరు ఉద్యోగం మిగిలింది. 1821లో, పద్దెనిమిదేళ్ళ వయసులో మద్రాసులో దిగాడు. ఆయన పెదనాన్న మనవలో మనవరాళ్ళో ఇంగ్లండులో ఏం చేశారో మనకు అక్కర్లేదు. ఈ పదో కొడుకు మాత్రం 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర మకాం వేసి గోదావరికి ఆనకట్ట కట్టాడు. ఆయనకు ‘సర్’ 1861లో, తన పనితో వచ్చింది. డెల్టాలో ఏ సెంటరుకు వెళ్ళినా గుర్రం మీద కాటన్ విగ్రహం కనపడుతుంది.

ఇంత పాత కథ ఎందుకు తవ్వానో ఇప్పుడు చెబుతాను. కాటన్ చేతిలో నీళ్ళున్నాయి. ఆయన చనిపోయిన ఇరవై ఏళ్ళకు ఈ డెల్టా నుంచే ఒకాయన మద్రాసు రాష్ట్రానికి వ్యవసాయ మంత్రి అయ్యాడు. ఆయన చేతికి నీళ్ళివ్వలేదు.

వెంకటరెడ్డి నాయుడుగారు 1875లో పుట్టారు. ఏలూరు అప్పట్లో గోదావరి జిల్లాలోది. 1904లో కృష్ణా జిల్లాలోకి పోయింది, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు దానికే ముఖ్యపట్టణమైంది. ఆ ఊళ్ళో వకాలతు చేసేవాడు నీటి తగాదా చూడకుండా ఉండగలడా? విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలవా, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలవా కలిసేది ఏలూరులోనే. పక్కన తమ్మిలేరు, దిగువన కొల్లేరు. వాన ఎక్కువైతే ముంపు కేసులు, తక్కువైతే కాలవ కేసులు. ఇవి కాక ఏలూరు తివాచీలు ఒకటి. 1851లో లండన్ మహాప్రదర్శనలో మెప్పు పొందిన ఆ నేతపని ఇరవయ్యో శతాబ్దానికి చిక్కిపోతూ వచ్చింది. వ్యవసాయం, పరిశ్రమలు అనే రెండు శాఖలు తరవాత ఆయనకు దక్కడం వెనక ఎవరి ఆలోచన ఉన్నా, ఆ రెండింటి కష్టసుఖాలు ఆయనకు పుస్తకాల్లో చదివి తెలియాల్సిన అవసరం లేదు.

1916 నవంబరులో జస్టిస్ పార్టీ పుట్టింది. త్యాగరాయ చెట్టి, టి.ఎం. నాయర్, నటేశ మొదలియార్ దాని మూలపురుషులు. ఉద్యోగాల్లో, చదువుల్లో, శాసనసభలో బ్రాహ్మణేతరులకు చోటు కావాలన్నది వాళ్ళ కోరిక. ఆ పార్టీ మీద మనవాళ్ళకు ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. తెల్లవాళ్ళ తొత్తులని కొందరు, సామాజిక న్యాయానికి ఆద్యులని కొందరు. ఆనాటి డెల్టాలో తాలూకా కచేరీ, కోర్టు, హైస్కూలు – ఎక్కడ చూసినా కుర్చీల్లో ఎవరున్నారో, బయట చేతులు కట్టుకుని ఎవరు నిలబడ్డారో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే రెడ్డినాయుడుగారు అటు ఎందుకు వెళ్ళారో తెలుస్తుంది. ఆ కోరికలో న్యాయం ఉంది. దాన్ని సాధించుకోవడానికి పట్టుకున్న చెయ్యి ఎవరిది అన్నదే పేచీ.

1919లో ఆ చెయ్యి పట్టుకోడానికే లండన్ వెళ్ళారు. కొత్త చట్టం ముసాయిదాను పార్లమెంటు సంయుక్త సంఘం పరిశీలిస్తోంది, అధ్యక్షుడు సెల్‌బోర్న్ ప్రభువు. జస్టిస్ పార్టీ తరఫున వాదించాల్సిన డాక్టర్ నాయర్ అక్కడే జబ్బుపడి 1919 జులైలో కన్నుమూశాడు. పెద్దదిక్కు పోయింది. పరాయి ఊళ్ళో, అంత పెద్ద సంఘం ముందు వాదించే బాధ్యత రెడ్డినాయుడుగారి బృందం మీద పడింది. ఆర్కాటు రామస్వామి మొదలియార్, కోకా అప్పారావు నాయుడు ఆయన తోడు. కేసు పూర్తిగా గెలవలేదు, ఓడనూ లేదు. ప్రత్యేక నియోజకవర్గాలు రాలేదు. 1920 మార్చిలో మెస్టన్ ప్రభువు ఇచ్చిన తీర్పుతో 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు కేటాయించారు. ఆ నవంబరులో ఎన్నికలొచ్చాయి, కాంగ్రెస్ బహిష్కరించింది. ఎన్నికైన 98 స్థానాల్లో 63 జస్టిస్ పార్టీవే. 1920 డిసెంబరు 17న ముగ్గురు మంత్రులు ప్రమాణం చేశారు: సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్లు రాజా రామరాయణింగారు, మన రెడ్డినాయుడుగారు. ఆయన వయసు 45. అభివృద్ధి శాఖ మంత్రి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఇవాళ నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

ద్వంద్వ ప్రభుత్వం అంటే ఏమిటి? రాష్ట్రంలోని శాఖలను రెండు కుప్పలు పోశారు. చదువు, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, పరిశ్రమలు, సహకారం, చేపలు – ఇవి ప్రజలెన్నుకున్న మంత్రులకు. ఖజానా, శిస్తు, నీటిపారుదల, పోలీసు, మద్రాసు వరకు అడవులు కూడా గవర్నరుకు, ఆయన కార్యనిర్వాహక సభ్యులకు. కాయితం మీద చూస్తే పంపకం పెద్దమనిషి తరహాలో ఉంటుంది. డెల్టాలోకి వచ్చి చూడండి.

1921 జూన్ అనుకోండి. మృగశిర కార్తె. భీమవరం అవతల ఒక శివారు గ్రామం. రైతు దుక్కి చేసుకుని, నారుమడి సిద్ధం చేసుకుని కాలవ వంక చూస్తున్నాడు. వ్యవసాయ శాఖ ఉద్యోగి సైకిలు మీద వచ్చాడు. సామర్లకోట క్షేత్రంలో పరీక్షించిన విత్తనం గురించి చెప్పాడు. కుదురుకు ఒక్క మొక్కే నాటితే నారు ఎంత కలిసొస్తుందో చెప్పాడు. పచ్చిరొట్టకు జనుము, పిల్లిపెసర చల్లమన్నాడు. రైతు ఓపిగ్గా అంతా విన్నాడు.

“మీరు చెప్పింది బానే ఉందండీ. కాలవెప్పుడొదుల్తారండీ?”

“అది మా శాఖ కాదండీ.”

“పోనీ, జనుము విత్తనం కొనుక్కోడానికి తక్కావీ అప్పేమన్నా ఇప్పిత్తారా?”

“అదీ మాది కాదండీ. తాసీల్దారుగారిని అడగాలి.”

ఇది నేను కల్పించిన సంభాషణే. ఇలాంటిది జరగలేదని మాత్రం ఎవరూ అనలేరు. ఎందుకంటే చట్టం అలాగే ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – ఆనకట్ట నాలుగు భాగాల్లో ఏ తలుపు ఎప్పుడెత్తాలో చెప్పేది ప్రజాపనుల శాఖ ఇంజనీరు. ఆయన జవాబు చెప్పేది కార్యనిర్వాహక సభ్యుడికి. ఆ సభ్యుడు జవాబు చెప్పేది గవర్నరుకు. లాకుల దగ్గరి లస్కరు తూము తిప్పితే పొలం తడుస్తుంది గాని, వ్యవసాయ మంత్రి మద్రాసులో సంతకం పెడితే తడవదు. నీటితీరువా ఎంత వెయ్యాలో, శిస్తు ఎంత పెంచాలో, వరదొచ్చిన ఏడు ఎంత మాఫీ చెయ్యాలో, అన్నీ రెవెన్యూ వాళ్ళ చేతిలో. చేపల శాఖ మంత్రులకిచ్చారు కదా అంటే, చేపలు మంత్రివి, అవి ఈదే నీళ్ళు గవర్నరువి.

పరిశ్రమల్లోనూ అంతే. మద్రాసు శాసనసభ పరిశ్రమలకు సర్కారు సాయం చేసేందుకు ఒక చట్టం తెచ్చింది, 1922–23 నాటి మాట. దేశంలో అలాంటి చట్టాల్లో అది మొదటిది. రెడ్డినాయుడుగారి మంత్రిత్వానికి అది గర్వకారణమే. తివాచీ నేసేవాడికో, నూనెమిల్లు పెట్టేవాడికో అప్పివ్వడానికి దారి దొరికింది. అయితే ఆ మిల్లులో బాయిలరు తనిఖీ చేసేది ఆయన శాఖ కాదు. కరెంటు ఆయనది కాదు, కార్మికుల సంగతి ఆయనది కాదు, గనులు ఆయనవి కావు. అప్పివ్వడానికి డబ్బు కావాలన్నా ఖజానా తాళం ఇంకొకరి దగ్గరుంది.

ఇలాంటి కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నారు. 1921లో సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా పానగల్లు రాజా ముఖ్యమంత్రి అయ్యారు, ఎ.పి. పాత్రో మంత్రివర్గంలోకి వచ్చారు. ముగ్గురూ తెలుగువాళ్ళే అయ్యారని తమిళులు గోల పెట్టారు. ఆ గోలలో న్యాయం లేదని అనలేం. ఫలితంగా 1923 ఎన్నికల తరవాత రెడ్డినాయుడుగారి స్థానంలో టి.ఎన్. శివజ్ఞానం పిళ్ళై వచ్చారు. పదవి పోయింది నవంబరులో. డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది, మౌలానా మహమ్మదలీ అధ్యక్షుడు. డెల్టా జనం అటు వెళ్ళారు. రాజమండ్రి తాలూకాల్లో దువ్వూరి సుబ్బమ్మగారి గొంతు విని జైలుకు తయారైన జనానికి, మద్రాసులో ఒక మంత్రి మారాడన్న వార్త పెద్ద వార్త కాలేదు.

మరుసటి ఏడాది, 1924లో, ఈ సంస్కరణలు ఎలా నడుస్తున్నాయో విచారించడానికి హోం మెంబరు అలెగ్జాండర్ ముడిమన్ అధ్యక్షతన ఒక సంఘం కూర్చుంది. తేజ్ బహదూర్ సప్రూ, శివస్వామి అయ్యర్, జిన్నా అందులో సభ్యులు. రెడ్డినాయుడుగారిని సాక్ష్యానికి పిలిచారు.

ఆయన అక్కడ ఏం చెప్పారో చూడండి. తాను అభివృద్ధి మంత్రినట, అడవులు మాత్రం తనవి కావట. వ్యవసాయ మంత్రినట, నీటిపారుదల లేదట, రైతుకిచ్చే అప్పులు లేవట, భూమి బాగుచేసుకోడానికిచ్చే అప్పులు లేవట, కరువు సాయం లేదట. పరిశ్రమల మంత్రినట, ఫ్యాక్టరీలు, బాయిలర్లు, విద్యుత్తు, జలశక్తి, గనులు, కార్మికులు ఏవీ తన కిందివి కావట. ఇలాంటి మంత్రి ఎంత పని చేయగలడో మీరే ఊహించుకోండి అని ముగించారు. వకీలు పద్ధతి: అభియోగం లేదు, తిట్టు లేదు, జాబితా చదివాడంతే. ఆ జాబితాకు జవాబు చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

ఆ సాక్ష్యానికి అంత బరువు ఎందుకొచ్చిందంటే, అది మద్రాసు నుంచి వచ్చింది. ద్వంద్వ ప్రభుత్వం ఎక్కడైనా సవ్యంగా నడిచిందంటే మద్రాసులోనే అని ఆనాటి పేరు. గవర్నరు విల్లింగ్డన్ మంత్రులను కూడా కూర్చోబెట్టుకుని ఉమ్మడిగా మాట్లాడేవాడని చెప్పుకునేవారు. బాగా నడిచిన చోట, సర్కారుకు మిత్రుడనిపించుకున్న పార్టీ నుంచి, స్వయంగా మంత్రిగా చేసినవాడు వచ్చి ఇది నడవదని చెబితే ఇక వాదించడానికి ఏముంటుంది? కాంగ్రెస్ వాళ్ళు నూరు సభల్లో అన్న మాట కన్నా ఈయన అన్న నాలుగు వాక్యాలు గట్టిగా తగిలాయి. నా ఉద్దేశంలో కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి జీవితంలో అన్నింటికన్నా పెద్దపని అదే. తరవాత వచ్చిన గవర్నరుగిరీ కాదు, మద్రాసు ప్రధానమంత్రిత్వం కాదు. దర్బారులో కుర్చీ ఇచ్చినవాళ్ళ ఎదుటే ఆ కుర్చీకి కాళ్ళు లేవని చెప్పగలిగారు.

మిగతా జీవితం చెప్పేటప్పుడు నాకు అబ్బురం, చిరాకు రెండూ కలుగుతాయి.

1928లో జెనీవాలో నానాజాతి సమితికి భారతదేశ ప్రతినిధుల్లో ఒకరిగా వెళ్ళారు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పరాధీన దేశం ప్రతినిధి అక్కడ లండన్ మాటే వినిపించాలి.

1929లో దక్షిణాఫ్రికాకు భారత ప్రభుత్వ ఏజెంటుగా వెళ్ళారు. అక్కడ మొదటి ఏజెంటు వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి. 1927 కేప్‌టౌన్ ఒప్పందం కింద ఆ పదవి ఏర్పడింది. శాస్త్రిగారి ఇంగ్లీషుకు తెల్లవాళ్ళే తల ఊపేవారు. ఆయన తరవాత వెళ్ళిన ఎవరికైనా కష్టమే. పైగా అక్కడ నేటాల్ చెరకు తోటల్లో మనవాళ్ళు చాలామంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి 342 మందిని దర్బన్‌లో దించినప్పటి నుంచీ, 1911లో కూలీల రవాణా ఆగేదాకా, గోదావరి, విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువాళ్ళు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. పెద్దవాళ్ళకు ఇరవై పౌన్లు, చిన్నపిల్లలకు పది పౌన్లు చేతిలో పెట్టి ఇండియాకు పంపించేయాలని అక్కడి ప్రభుత్వం చూస్తోంది. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసులు ఇల్లూ కొట్టూ ఎక్కడ పెట్టుకోవచ్చో కట్టడి చేసే బిల్లు 1930లో వచ్చింది.

ఏజెంటు ఏం చేయగలడు? మంత్రులను కలవగలడు, ఉత్తరాలు రాయగలడు, ఢిల్లీకి నివేదిక పంపగలడు. ఓటు లేదు, వీటో లేదు. 1932 జనవరిలో కేప్‌టౌన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. ఫజ్లీ హుస్సేన్ నాయకత్వంలో శాస్త్రిగారు, సరోజినీ నాయుడు వచ్చారు, రెడ్డినాయుడుగారూ కూర్చున్నారు. బిల్లు కోరలు కొన్ని విరిగాయి గాని బిల్లు పోలేదు. ఆయన అక్కడున్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. నాయుడూ ఏజెంటూ ఒక్కరే అయిన ఆ మూడేళ్ళు, పేరు చివర నాయుడు అని రాసుకునే ఆ తెలుగు కుటుంబాలకు ఎలా ఉండి ఉంటుందో దర్బన్‌లోని మన బంధువులే చెప్పాలి. దీని మీద ఎవరైనా పరిశోధన చేస్తే ఎంత బాగుంటుంది!

తిరిగొచ్చాక 1934లో మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యారు, న్యాయశాఖ. చూశారా, ఇప్పుడు రెండో కుప్పలో కూర్చున్నారు. గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు సెలవు మీద వెళ్ళినప్పుడు 1936 జూన్ 18 నుంచి అక్టోబరు 1 దాకా తాత్కాలిక గవర్నరుగా ఉన్నారు. అంతకు రెండేళ్ళ ముందు సర్ మహమ్మద్ ఉస్మాన్ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. తెలుగువాళ్ళలో మొదటివారు రెడ్డినాయుడుగారే. ఏలూరు కోర్టు ప్లీడరు ఫోర్ట్ సెయింట్ జార్జిలో గవర్నరుగా సంతకం పెట్టారంటే ఆనాడు ఈ ఊరు ఎంత మురిసిపోయి ఉంటుందో! నేనైనా మురిసిపోయేవాణ్ణే.

1937 ఫిబ్రవరి ఎన్నికల్లో జస్టిస్ పార్టీ మట్టికరిచింది. శాసనసభలో 215 స్థానాల్లో కాంగ్రెసుకు 159. ఆ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. అయితే గవర్నరు తన ప్రత్యేకాధికారాలు వాడనని హామీ ఇస్తే తప్ప మంత్రివర్గం ఏర్పాటు చేయం అని రాజాజీ పట్టుబట్టారు. ఏప్రిల్ ఒకటిన 1935 నాటి కొత్త చట్టం అమల్లోకి రావాలి, ప్రభుత్వం లేదు. ఎర్‌స్కిన్ ముందు శ్రీనివాసశాస్త్రిగారిని అడిగాడు. శాస్త్రిగారు కాదన్నారు. తరవాత రెడ్డినాయుడుగారిని అడిగాడు. ఆయన సరే అన్నారు.

ఆరుగురితో మంత్రివర్గం: పన్నీర్‌సెల్వం, ముత్తయ్య చెట్టియార్, ఖలీఫుల్లా సాహెబ్, ఎం.సి. రాజా, ఆర్.ఎం. పాలాట్, ప్రధానమంత్రిగా రెడ్డినాయుడుగారు. శాసనసభలో బలం లేదు కాబట్టి శాసనసభను పిలవలేదు. మూడున్నర నెలలు సభ ముఖం చూడకుండా ప్రభుత్వం నడిచింది. జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో కాస్త మెత్తబడి ప్రకటన చేశాడు, జులై మొదట్లో వార్ధాలో కాంగ్రెస్ ఒప్పుకుంది, జులై 14న రాజాజీ వచ్చారు. ఆ సభకు స్పీకరుగా ఎన్నికైంది ఎవరనుకున్నారు? గోదావరి జిల్లావాడే, బులుసు సాంబమూర్తిగారు. ప్రధానమంత్రి కుర్చీలోంచి దిగినవాడూ, సభాపతి పీఠం ఎక్కినవాడూ ఇద్దరూ ఈ డెల్టా మనుషులే. ఒకరు తెల్లవారి దర్బారు దారిలో వచ్చారు, ఇంకొకరు జైలు దారిలో.

ఇక్కడ నేను రెడ్డినాయుడుగారిని నిలదీస్తాను. ఎవరైనా ప్రభుత్వం నడపాలి కదా, లేకపోతే గవర్నరు ఒక్కడే ఏలేవాడు కదా అని ఆయన తరఫున వాదించొచ్చు. ఎం.సి. రాజాగారి లాంటి దళిత నాయకుడికి మంత్రి పదవి దక్కింది కదా అనొచ్చు. నిజమే. కానీ 1924లో ఆ సంఘం ముందు నిలబడి, అధికారం లేని పదవి ఎంత దండగో దేశానికంతటికీ అర్థమయ్యేలా చెప్పిన మనిషే, పదమూడేళ్ళ తరవాత అంతకన్నా ఖాళీ అయిన పదవిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఈసారి నీళ్ళే కాదు, సభ కూడా లేదు. శాస్త్రిగారికి 1928లో నైట్ బిరుదు ఇస్తామంటే వద్దన్నారు, 1937లో ప్రధానమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నారు. శాస్త్రిగారు కాంగ్రెస్ మనిషి కాదు, తీవ్రవాది అసలే కాదు. అయినా వద్దనడం తెలిసినవాడు. రెడ్డినాయుడుగారికి ఆ ఒక్క విద్యా అబ్బలేదని నా అభిప్రాయం. మీలో కొందరికి ఇది కష్టంగా తోచవచ్చు. చర్చించుకుందాం.

విచిత్రమేమిటంటే శాస్త్రిగారి నీడ చివరిదాకా వదల్లేదు. 1940లో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్ళారు. అక్కడ అంతకుముందున్నదీ శాస్త్రిగారే. 1942లో ఆ పదవిలో ఉండగానే రెడ్డినాయుడుగారు కాలం చేశారు.

ఆయన తరవాత నాలుగేళ్ళకు రాజమండ్రి మునిసిపల్ చైర్మనుగా రాజకీయం నేర్చుకున్న టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. 1937లో రెవెన్యూ మంత్రిగా ఆయన జమీందారీల మీద విచారణ చేయించగలిగారు, 1938లో నివేదిక తెచ్చారు. ఎందుకు చేయగలిగారు? శిస్తు, భూమి, నీరు అప్పటికి ప్రజలెన్నుకున్న మంత్రి చేతిలోకి వచ్చాయి. అవి అలా వచ్చేలా చేసినవాటిలో 1924 నాటి ఒక వకీలు సాక్ష్యం కూడా ఉంది. ప్రకాశంగారి పేరు మనం రోజూ తలుచుకుంటాం. రెండోవారి పేరు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు పనికొస్తోంది.

ఇప్పుడు మనవి. డెల్టాలో నీటి వాడకందారుల సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి, ఎన్నికలూ జరుగుతున్నాయి. అందులో అధ్యక్షులుగా ఉన్నవాళ్ళలో కొందరు ఈ సభలో ఉన్నారు. మీ సంఘానికి ఏ తూము మీద అధికారం ఉందో, దేని మీద లేదో, పూడిక తీసే డబ్బు ఎవరి చేతిలో ఉందో, రెడ్డినాయుడుగారు చేసినట్టు ఒక కాయితం మీద జాబితా రాసి గ్రామసభలో చదవండి. పైవాళ్ళకు కోపం వస్తే రానివ్వండి.

పరిశోధక విద్యార్థులకు ఇంకో మనవి. ముడిమన్ సంఘం సాక్ష్యాలన్నీ అచ్చయ్యాయి. రెడ్డినాయుడుగారి సాక్ష్యం పూర్తిగా, ప్రశ్నలతో జవాబులతో సహా, తెలుగులోకి రావాలి. ఒక్కరు పూనుకుంటే ఏడాది పని. ఏలూరు, రాజమండ్రి పాత వకీళ్ళ ఇళ్ళలో, అటకల మీద, ఆయన ఉత్తరాలో ప్రసంగ పాఠాలో ఉంటే చెదలకు వదిలేయకండి. 1898 నుంచీ రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. అక్కడ ఇవ్వండి, పేరు రాయించుకుని రసీదు తీసుకోండి.